సిమెంటు బతుకమ్మ

దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపోకి కాస్త ఇవతల, జెరాక్స్ షాపుల సందులో, రేకుల కప్పు కింద నేను పోటీ పరీక్షల పిల్లలకి సమాజశాస్త్రం చెప్పేదాన్ని. ఆ సబ్జెక్టులో మార్కులు తేలిగ్గా వస్తాయని ఎవరో పుట్టించిన పుకారు పుణ్యమా అని నా క్లాసు ఎప్పుడూ కిటకిటలాడేది. అందులో నాకు ప్రాణమైన పాఠం చిహ్నాల గురించి. గుర్తుకి సొంత అర్థం ఏమీ ఉండదర్రా, పదిమందీ కలిసి దానికి అంటగట్టిందే అర్థం, అని మొదలుపెట్టేదాన్ని. ఎర్రగుడ్డ ఇనుప చువ్వల లారీ వెనక కడితే దూరంగా ఉండమని, అదే గుడ్డ జెండాకర్రకి కడితే దగ్గరికి రమ్మని. బాలాపూర్ గణపతి లడ్డూని వేలంలో పాడుకున్నవాడు చక్కెర మీద మోజుతో పాడుకోడు, ఊళ్లో తన తల ఎంత ఎత్తున ఉందో చూపించుకోవడానికి పాడుకుంటాడు. ఇలా చెప్పుకుంటూ పోతుంటే పిల్లలు నోట్సు రాయడం మానేసి నవ్వేవారు. నవ్వినవాళ్లకి ఉద్యోగాలు వచ్చాయో లేదో నాకు తెలియదు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక ఆ పాఠానికి ఉదాహరణలు వెతుక్కునే బాధ తప్పింది. కిటికీ తెరిస్తే చాలు. ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్ బోర్డు మీద 'ఆంధ్రా స్పెషల్ టిఫిన్స్' అని ఉండేది. ఒక బందుకి ముందురోజు 'ఆంధ్రా' మీద గులాబీ కాగితం అంటించారు. లోపల అదే పెసరట్టు, అదే అల్లం పచ్చడి, తినేవాళ్లు కూడా వాళ్లే. పొద్దున్నుంచీ నినాదాలిచ్చి గొంతు పోయిన నా విద్యార్థులు అక్కడే నిలబడి, సైగలతో ఇంకాస్త పచ్చడి వేయించుకునేవారు. వాన పడి కాగితం ఊడినప్పుడల్లా యజమాని కుర్చీ ఎక్కి మళ్లీ అంటించేవాడు. ఉప్మాలో జీడిపప్పు వెయ్యడంలో కూడా అంత శ్రద్ధ చూపించి ఉంటే బాగుండేది.

ఇంక మా ఇంట్లో చూస్తే, మా ఆయన. ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసేవారు, పుట్టింది కృష్ణా జిల్లా, మాట్లాడితే రెండో వాక్యానికే ఆ సంగతి తెలిసిపోయేది. అందుకని ఆయన మాట్లాడడం తగ్గించి గుర్తుల మీద పడ్డారు. కారు నంబరు ప్లేటు మీద ఏపీ అన్న అక్షరాలు కనపడకుండా టీజీ అని స్టిక్కరు వేశారు. వేశారంటే జిగురుతో కాదు, సెలోటేపుతో. విజయవాడ వెళ్లేటప్పుడు కోదాడ దాటాక ఆపి, పీకి, జాగ్రత్తగా డాష్‌బోర్డులో పెట్టేవారు. తిరుగు ప్రయాణంలో మళ్లీ ఆగడం, మళ్లీ అంటించడం. ఒక గులాబీ కండువా కూడా కొన్నారు. అవసరం ఎప్పుడూ రాకపోవడంతో చివరికి దాంతో కారు అద్దాలు తుడిచేవారు.

మా కాలనీ ఎల్బీనగర్ దగ్గర మన్సూరాబాద్‌లో. దాదాపు అందరూ మావైపు వాళ్లే. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాళ్లు వరసగా ఇళ్లు కట్టుకుని, ఎవరింట్లో పులుసు కాగినా ఏ జిల్లా పులుసో వాసన పట్టేసేవారు. స్థానికుల ఇల్లు ఒక్కటే ఉండేది, మా గోడ పక్కది. ఆ ఇంటావిడని నేను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లె అనేది. నేను 'మీరు' అనేదాన్ని, ఆవిడ 'నువ్వు' అనేది. మా కాలనీ మొత్తం ఒకప్పుడు ఆవిడ అత్తగారి జొన్నచేను. చేను పోయి ప్లాట్లు వచ్చాక ఒక మూల ప్లాటు వాళ్లు ఉంచుకుని ఇల్లు కట్టుకున్నారు. కాలనీలో మేం అందరం ప్లాట్లు కొనుక్కుని వచ్చినవాళ్లం, ఆవిడ మాత్రం ఎక్కడికీ రాకుండానే కాలనీలో ఉండిపోయింది.

నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు మా ఇంట్లో వంట చేసింది ఆవిడే. ఎవరూ అడగలేదు. దవాఖాన నుంచి వచ్చిన రోజు పొద్దున్నే గోడ మీంచి గిన్నె అందించి, "నువ్వు లేచి పొయ్యి కాడికి పోయినవంటే కాళ్లు ఇరగ్గొడత" అంది. నెల్లాళ్లు ఆ గిన్నె గోడ మీద అటూ ఇటూ తిరిగింది. మా అత్తగారు బస్సులో వచ్చి చూసి, పళ్లిచ్చి, వెళ్లిపోయారు. నాకు ఈ మహానగరంలో చుట్టం అంటూ ఎవరైనా ఉంటే ఆవిడే, ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

కాలనీ గేటు పక్కన చిన్న ఖాళీ జాగా ఉండేది. ఏటా దసరా ముందు అక్క దాన్ని ఊడ్చి, పేడతో అలికి, ముగ్గేసి అక్కడ బతుకమ్మ ఆడేది. అల్మాస్‌గూడ వైపు వెళ్లి తంగేడు, గునుగు కోసుకొచ్చేది. తాంబాళంలో పూలు వరసలు వరసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మని పెట్టేది. చుట్టుపక్కల బస్తీల నుంచి ఆవిడ ఆడబిడ్డలూ తోడికోడళ్లూ వచ్చేవారు. నన్నూ లాక్కుపోయేది. నా చప్పట్లు ఎప్పుడూ ఒక అడుగు ఆలస్యం. ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ, ఆ సాయంత్రం అందరూ తలల మీద పెట్టుకుని చెరువుకి తీసుకెళ్లి నీళ్లలో వదిలేవారు. అంత కష్టపడి పేర్చింది ఒక్క పూటలో వదిలెయ్యడమేమిటని మొదట్లో నాకు మనసొప్పేది కాదు. "ఉంచుకునేటందుకు పేరుస్తమా చెల్లె? సాగనంపేటందుకు పేరుస్తం" అంది ఆవిడ.

సకల జనుల సమ్మె నడిచిన ఏడాది. బస్సులు లేవు, బడులు లేవు, మా కోచింగ్ సెంటర్‌కి తాళం. పనిలేని కాలనీకి భయం ఒక వ్యాపకం అయింది. ఫోన్లలో 'రేపు మన ఇళ్ల మీద పడతారట' అన్న మాట తిరిగేది. ఎవరు చెప్పారంటే బావమరిది అనేవారు, ఆ బావమరిదికి ఎవరు చెప్పారంటే మళ్లీ మన కాలనీయే తేలేది. మెయిన్‌రోడ్డు మీద గొడవలు జరిగాయి, నిజమే. మా వీధిలోకి మాత్రం ఒక్క గులకరాయి కూడా రాలేదు. అది చెబితే నా మీదే కోప్పడేవారు, ఏదో వాళ్ల రాయి నేను దాచేసినట్టు.

చివరికి మా హాల్లో అసోసియేషన్ మీటింగు పెట్టారు. మా ఆయన సెక్రటరీ కాబట్టి కాఫీలు నావి. ప్రెసిడెంటు రిటైరైన ఇంజనీరు. సర్వీసంతా కాలవలూ కల్వర్టులూ కట్టి, రిటైరయ్యాక కట్టడానికి ఏమీ దొరక్క ఇంటి ముందు తులసికోటకే పునాది తవ్వించిన మనిషి.

"గేటు దగ్గర ఏదైనా ఒక గుర్తు ఉండాలండీ. దూరం నుంచి చూడగానే వాళ్లు, 'ఓహో, వీళ్లు మనవాళ్లే' అనుకుని వెనక్కి వెళ్లిపోవాలి" అన్నారాయన.

జెండా పెడదామన్నారొకరు. ఏ పార్టీది పెట్టినా రెండో పార్టీకి కోపం వస్తుందని కొట్టేశారు. విగ్రహం అన్నారు, మనిషి విగ్రహానికి ముఖం ఉంటుంది, ముఖం ఉంటే కులం అడుగుతారన్నారు. అప్పుడు ఎవరో బతుకమ్మ అన్నారు. అందరి ముఖాలూ వెలిగాయి. పార్టీ లేదు, ముఖం లేదు, అన్నీ పువ్వులే.

"ఆర్‌సీసీ కాంక్రీటుతో పోత పోయిద్దాం. వందేళ్లుంటుంది" అన్నారు ప్రెసిడెంటు గారు.

"పక్కింటి అక్కని కూడా పిలిచి అడుగుదామండీ. వాళ్ల పండగ కదా" అన్నాను కాఫీ కప్పులు తీస్తూ.

మా ఆయన నా వైపు జాలిగా చూశారు. "ఆవిడ ముందు ఇవన్నీ ఎలా మాట్లాడుకుంటామే?"

వాళ్లకి నచ్చిన చోటు ఏదంటే గేటు పక్క ఖాళీ జాగా. ఇంకెక్కడ కడతారు మరి. ఇటుకలు దిగిన రోజే అక్క గోడ దగ్గరికి వచ్చింది.

"చెల్లె, గా జాగల ఏం లేపుతున్నరు?"

"బతుకమ్మ, అక్కా."

"బతుకమ్మను లేపుడేంది?" అంది ఆవిడ. నేను హాస్యమాడుతున్నాననుకుని కాసేపు నవ్వుతూనే ఉంది. నేను నవ్వడం లేదని చూసి ఆగింది. "జర మీ సారుకు చెప్పు చెల్లె. నాకు కొత్తది ఏమొద్దు. గా జాగొక్కటి ఇడిచిపెట్టమను. పెండ్లయి ఒచ్చిన ఏడు మా అత్త గక్కడ్నే నా చేతికి బతుకమ్మ ఇచ్చింది. గప్పుడది చేను గట్టు. ఏ ఒక్క ఏడు గూడ తప్పలే. భూమంత అమ్మినా గాడ ఆడుకుంటున్నం కదా అని ధీమాగుండె."

చెబుతానన్నాను. చెప్పాను కూడా, ఒకసారి కాదు, అన్నం పెట్టినప్పుడల్లా చెప్పాను. మా ఆయన ప్రెసిడెంటు గారికి చెప్పారు. ప్రెసిడెంటు గారు ఆశ్చర్యపోయారు. "ఆవిడ కోసమే కదండీ కడుతున్నది. చుట్టూ తిరగడానికి నాలుగడుగుల దారి కూడా వదిలాను, జారకుండా గరుకు టైల్స్ వేయిస్తున్నాను" అన్నారు. ఆ దారి చుట్టూ ఇనుప గ్రిల్లు, గ్రిల్లుకి గేటు, గేటుకి తాళం. తాళంచెవి సెక్రటరీ ఇంట్లో, అంటే మా ఇంట్లో, ఫ్రిజ్ మీద. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ నేనెంత అరిచినా సిమెంటు గట్టిపడుతూనే ఉంది.

లేచిందండీ బతుకమ్మ, మనిషెత్తున. ఆవిష్కరణకి ఉద్యమంలో ఉన్న ఒక స్థానిక నాయకుడిని పిలిచారు. పండగ తొమ్మిది రోజుల్లో ఆరో రోజే తనకి ఖాళీ అన్నారాయన, మావాళ్లు సరే అన్నారు. బతుకమ్మ ఆరోనాడు అలుగుతుందట, ఆ రోజు ఎవరూ పూలు పేర్చరు, ఎవరూ ఆడరు. ఆ సంగతి కాలనీలో ఒక్కరికీ తెలియదు. ఆయనకి తెలిసే ఉంటుంది, కానీ శాలువా కప్పుతామన్నాక మనిషికి చాలా సంగతులు గుర్తుండవు. వచ్చారు, రిబ్బను కత్తిరించారు, చుట్టూ చూశారు. "మస్తున్నది సార్. పైన గీ తెల్ల రంగుంది చూడుండ్రి, జర గులాబీ కొట్టిపిస్తే ఇంకా మంచిగుంటది" అని సలహా ఇచ్చి ఇంకో రిబ్బనుకి వెళ్లిపోయారు. ఆ తెల్లవి గునుగు పూలు. సాయంత్రానికల్లా గులాబీ అయిపోయాయి.

మా కాలనీ ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకుని గ్రిల్లు లోపల నిలబడ్డారు. స్పీకర్లలో పాట. స్థానిక ఆడవాళ్లు వస్తారు, ఆడతారు, ఫొటోలు తీసి పేపరుకిద్దాం, ఇదీ ఏర్పాటు. ఎవరూ రాలేదు. చీకటి పడేదాకా చూసి, "ఇంత చేసినా వాళ్లకి మనమంటే పడదు చూడండి" అన్నారొకావిడ. తక్కినవాళ్లు తలలూపారు. నేను అక్క ఇంటికి పరిగెత్తాను.

"ఇయ్యాల అమ్మ అలిగిన దినం చెల్లె, ఎవలు ఆడరు" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

"మరి మిగతా రోజులు ఎక్కడ ఆడుతున్నారక్కా?"

"గిక్కడ్నే" అని చూపించింది. వాళ్ల వాకిలి. ఒక పక్క నీళ్ల సంపు, ఇంకో పక్క మోటారు సైకిలు. మర్నాడు సాయంత్రం గోడ మీంచి చూశాను. నలుగురు ఆడవాళ్లు తిరగడానికి చాలడం లేదు. మోటారు సైకిలు దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరూ చప్పట్లు ఆపి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, పక్కకి తిరిగి దూరి వెళుతున్నారు. అక్కడ పాట తెగుతోంది. మళ్లీ ఎత్తుకుంటున్నారు. నన్ను చూసి అక్క చెయ్యి ఊపింది, రమ్మనలేదు. రమ్మంటే నిలబడే చోటు లేదు. నాకు ఏడుపొచ్చింది.

ఇక సద్దుల బతుకమ్మ నాడు కాలనీకి కొత్త సమస్య వచ్చిపడింది. అందరి బతుకమ్మలూ చెరువుకి వెళతాయి. మనది వెళ్లదు. ఇంటికి ఆడపిల్లని పిలిచి పంపకపోతే దోషమని ఎవరో అన్నారు. మీటింగు మళ్లీ మా హాల్లోనే. ప్రెసిడెంటు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు.

"నీళ్లలో కలపడమే కదండీ ముఖ్యం. అమ్మవారు కదల్లేదు, నీళ్లు కదులుతాయి కదా. ట్యాంకరు పిలిపిద్దాం" అన్నారు.

ఎండాకాలంలో నెత్తీనోరూ కొట్టుకున్నా రాని ట్యాంకరు ఆ సాయంత్రం చెప్పిన టైముకి వచ్చింది. డ్రైవరు పైపు పట్టుకుని "ఏ సంపులో పొయ్యాలి?" అని అడిగాడు. బతుకమ్మని చూపించారు. అతను ప్రెసిడెంటు గారి ముఖమూ మా ఆయన ముఖమూ చూసి, పైపు మా ఆయన చేతికిచ్చి, వెళ్లి కేబిన్‌లో కూర్చున్నాడు. మా ఆయన ప్యాంటు మడిచి, గౌరమ్మ మీదకి గురిపెట్టి నీళ్లు వదిలారు. ట్యాంకరు నీళ్లకి ఏం జోరు. మొన్న హడావిడిగా కొట్టిన గులాబీ రంగు పెచ్చులుపెచ్చులుగా లేచింది. గులాబీ నీళ్లు టైల్స్ మీంచి, గ్రిల్లులోంచి, పట్టుచీరల అంచుల మీదుగా రోడ్డెక్కాయి. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. ప్రెసిడెంటు గారు మాత్రం తడుస్తూనే చేతులు జోడించి నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడే అక్క తన వాళ్లతో చెరువుకి బయల్దేరి గేటు దగ్గరికి వచ్చింది. తల మీద నడుమెత్తు బతుకమ్మ. ఒక చెయ్యి తాంబాళానికి ఆనించి, ఆగి చూసింది. ట్యాంకరు, పైపు, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటుతో మా ఆయన, చేతులు జోడించిన ప్రెసిడెంటు. ఆవిడకి నవ్వు ఆగలేదు. బతుకమ్మ పడిపోతుందని రెండో చెయ్యి కూడా పట్టి నవ్వింది. వెనకున్న వాళ్లూ నవ్వారు. ఆ నవ్వు మా వాళ్లకీ అంటుకుంది, చీరలు పిండుకుంటూ మేమూ నవ్వాం. చివరికి ప్రెసిడెంటు గారూ నవ్వారు. ఇన్ని నెలల తర్వాత అందరం ఒకచోట కలిసి నవ్వడం అదే. అమ్మయ్య, అయిపోయింది, ఇంక అంతా మామూలే, అనుకున్నాను.

నవ్వు తగ్గాక అక్క కొంగుతో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"అవ్ చెల్లె, ఒకటి అడుగుత. గింత పరేషాన్ అయ్యి గిది ఎవలకు భయపడి పెట్టిన్రు?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది, తెలుసుకుందామని. నేను క్లాసులో ఎన్ని ప్రశ్నలకి అనర్గళంగా జవాబు చెప్పానో లెక్కలేదు. ఆ పూట చీర కుచ్చిళ్లు పిండుకుంటూ నిలబడ్డాను.

"మీ గురించి కాదక్కా" అన్నాను చివరికి.

"మరెవల గురించి?" అంది. "గీ గేట్లకెల్లి లోపటికొచ్చే తెలంగాణోళ్లం ఎవలున్నం, నేను తప్ప? మీకు పాలు పోసెటోడు గూడ మీ దిక్కోడే."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ నా జవాబు కోసం ఇంకాసేపు చూసింది. వెనక నుంచి ఆడబిడ్డ, "పొద్దు పోతున్నది వదినా, నడువు" అంటే, గులాబీ నీళ్లు తొక్కకుండా అంచు మీంచి నడుచుకుంటూ చెరువు వైపు వెళ్లిపోయింది. ఏటా ఆ నడకలో నేనూ ఉండేదాన్ని.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆయన కూర మారు అడగలేదు. ఆయన చెడ్డ మనిషి కాదు, ఆవిడ మాట ఆయనకీ గుచ్చుకుంది. పెరుగులోకి వచ్చాక, "ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉందే" అన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. వెళ్లి ఒక్క మాట చెప్పొద్దాం పదండి అందామని నోరు తెరిచాను. "ఒక పని చేద్దాం. దాని కింద 'అందరికీ స్వాగతం' అని గ్రానైటు మీద చెక్కిద్దాం. పెద్ద అక్షరాల్లో" అన్నారాయన.

చెక్కించారు. నల్లరాయి, బంగారు రంగు అక్షరాలు, దూరం నుంచి బాగా కనిపిస్తాయి. నేను ఒక్కదాన్నే గోడ దగ్గరికి వెళ్లి అక్కకి క్షమించమని చెప్పాను. "ఏ, గదేం మాట చెల్లె" అంది. మాట్లాడుతుంది. కూర బాగుందా అని అడుగుతుంది. కానీ ఆ దసరా తర్వాత ఆవిడ మా కాలనీ గేటు గుండా రావడం మానేసింది. వాళ్ల ఇంటి వెనక గోడ కొంత పడగొట్టించి, బస్తీ సందులోకి చిన్న తలుపు పెట్టించుకుంది. ఎక్కడికి వెళ్లినా అటునుంచే వెళుతుంది, అటునుంచే వస్తుంది.